హోంవర్కు పూర్తవుతోంది, పాపకి చదవడం రావట్లేదు

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. మా ఆయన రొయ్యల చెరువుల మీద పని చేస్తారు, నేను ఇంట్లోనే లేసు అల్లుతాను. పాప ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతి, ఇంగ్లీషు మీడియం. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ట్యూషన్. నోటుబుక్కులన్నీ నిండుగా ఉంటాయి. కానీ మొన్న ఇంటికి శుభలేఖ వస్తే చదవమన్నాను, ఒత్తు వచ్చిన ప్రతిచోటా ఆగిపోయింది. తీసివేతలు తప్పుతోంది. పదహారో ఎక్కం దాకా గడగడా అప్పజెబుతుంది గానీ, ఏడు ఎనిమిదులెంత అంటే ఏడొకట్ల నుంచి మొదలెడుతుంది. క్లాసు టీచరు తన దగ్గరికే ట్యూషన్‌కి పంపమంటున్నారు. మా మరిది ఇప్పుడే నవోదయ కోచింగ్‌లో వేసేయమంటాడు. మా అత్తగారేమో నాలుగు పడితే గానీ రాదంటారు. పది తప్పినదాన్ని, నేనేం చెప్పుకోగలను?

జవాబు: శుభలేఖ దగ్గర మీరు పట్టుకున్నది ఇన్నాళ్ల ట్యూషన్‌లో ఎవరూ పట్టుకోలేదు. పాప ఎక్కడ ఆగుతోందో చూశారు, చూసింది చూసినట్టు రాశారు. ఇంట్లో చదువు చెప్పడానికి మొదట కావలసింది ఇదే, దానికి పది పాసవ్వక్కర్లేదు.

ముందు ట్యూషన్ లెక్క చూద్దాం. ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ఇరవై మంది ఒకే చాప మీద కూర్చుంటే, రెండు గంటల్లో ఒక్కో పిల్లకి వచ్చేది ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాల్లో టీచరమ్మ నోటుబుక్కు నింపాలి, ఎందుకంటే ఎనిమిదింటికి మీరు చూసేది దాన్నే. కాబట్టి జవాబు చెప్పి రాయిస్తారు. ఆవిడ తప్పని కాదు, మనం అడిగింది అదే. అనుమానంగా ఉంటే పోయిన వారం చేసిన లెక్కే, అవే అంకెలతో తెల్లకాగితం మీద వేసి ఇవ్వండి. కొట్టివేత ఒక్కటీ లేని నోటుబుక్కు చూసి మురిసిపోవద్దు. నేర్చుకునే పిల్ల పుస్తకంలో కొట్టివేతలుంటాయి.

ఒక ఆదివారం పొద్దున్న, టిఫిను అయ్యాక ఇరవై నిమిషాలు కూర్చోపెట్టుకోండి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి ‘అసర్’ పేరుతో ఊరూరా ఇళ్లకెళ్లి పిల్లల చదువు చూస్తోంది. వాళ్ల పద్ధతి చాలా సాదాగా ఉంటుంది, మనకీ సరిపోతుంది. కాగితం మీద ఐదు అక్షరాలు, ఐదు చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా ఒకటి, ఎనిమిది పది వాక్యాల కథ ఒకటి పెద్దక్షరాలతో రాయండి. అక్షరాల్లో, మాటల్లో ఐదింటికి నాలుగు వస్తే ఆ మెట్టు దాటినట్టే. లెక్కలకి రెండంకెల సంఖ్యలు ఐదు, అప్పు తెచ్చుకునే తీసివేతలు రెండు, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించేది ఒకటి. ఆగిన చోట అందించకండి, కళ్లెర్రజేయకండి. ఏం పలికిందో పక్కన రాసుకోండి. ‘తప్పు’ అని రాస్తే ఉపయోగం లేదు, ‘పద్మ’ని ‘పదమ’ అందా, ‘పమ్మ’ అందా అన్నది కావాలి. కాగితం మీద తేదీ వేసి దాచండి.

మీరు రాసినదాన్ని బట్టి పాపకి అక్షరాలూ గుణింతాలూ వచ్చు, చిక్కంతా ఒత్తుల దగ్గరే. అలాంటప్పుడు అఆల నుంచి మళ్లీ మొదలెట్టి విసిగించొద్దు. తిన్నగా ఒత్తుల మీదే కూర్చోండి.

మన ఒత్తుల్లో చాలావరకు అక్షరమే చిన్నదై, తలకట్టు ఉంటే అది తీసేసి, కింద కూర్చుంటుంది: గ్గ, చ్చ, జ్జ, డ్డ, ద్ద, ప్ప, బ్బ, వ్వ. వీటిని పిల్లలు చూడగానే పోల్చుకుంటారు. రూపమే మారిపోయేవి ఆరు: త, న, మ, య, ర, ల. అక్షరానికీ ఒత్తుకీ పోలికే ఉండదు కాబట్టి, ఎవరైనా విడిగా చూపిస్తే తప్ప పిల్లకి తెలిసే దారి లేదు. పైగా ఎక్కువగా వాడే మాటలు చాలా వీటితోనే ఉంటాయి. అత్త, నాన్న, అమ్మ, అయ్య, కర్ర, తల్లి. ఈ ఆరు మాటలు ఆరు అట్టముక్కల మీద రాయండి. పాత శుభలేఖలు చింపితే ఒకవైపు తెల్లగా ఉన్న మంచి అట్టలొస్తాయి. ఒత్తుని మాత్రం ఎర్ర పెన్నుతో రాయండి. రోజుకి రెండు చొప్పున మూడు రోజులు, తర్వాత ఆరూ కలిపేసి తిరగేసి అడగడం. నాలుగో రోజు నుంచి అదే ఒత్తు ఉన్న కొత్త మాటలు కలపండి: కొత్త, బొత్తి, సున్నం, వెన్న, బొమ్మ, కమ్మ, కొయ్య, నుయ్యి, గొర్రె, బుర్ర, పిల్లి, బెల్లం.

ఇక్కడిదాకా అక్షరానికి దాని ఒత్తే. వారం పది రోజుల్లో అయిపోతుంది. అసలు గండం తర్వాత వస్తుంది: ఒక అక్షరం కింద ఇంకో అక్షరం ఒత్తు. ‘అంతర్వేది’ అన్న మాట చూడండి. ఏత్వం ‘ర’ మీద కనపడుతుంది, కానీ పలికేది ‘వ’తో. పిల్ల కంటికి కనపడ్డట్టు చదివితే ‘అంతరేవది’ అంటుంది. అది మొద్దుతనం కాదు, కంటికి కనపడిన వరస అదే మరి. ‘పద్మిని’లో గుడి ‘ద’ మీద ఉంటుంది, పలకడం ‘మి’ అని. దీనికి ఒకే సూత్రం చెప్పండి: పై అక్షరం సగమే పలకాలి, కింద అక్షరం నిండుగా పలకాలి, నెత్తిన ఉన్న గుడైనా ఏత్వమైనా కింద ఉన్నదానికే చెందుతుంది. చూపుడు వేలు ముందు పై అక్షరం మీద, తర్వాత ఒత్తు మీద, ఆఖర్న గుణింతపు గుర్తు మీద పెట్టించండి. ర్, వ్, ఏ. మూడూ విడిగా అనిపించి, తర్వాత ‘ర్వే’ అని కలపమనండి. రోజుకి నాలుగు మాటలు చాలు. ఐదోది పెడితే మొదటిది మర్చిపోతుంది.

చదివించడానికి బోర్డులకి మన వైపు కొదవ లేదు. ఆర్టీసీ బస్సుల మీదవే మెట్లవారీగా దొరుకుతాయి. ఒత్తుల్లేనివి తణుకు, భీమవరం, రాజోలు, అమలాపురం, రావులపాలెం. దాని ఒత్తే ఉన్నవి పాలకొల్లు, అత్తిలి, కొత్తపేట, ముమ్మిడివరం. వేరే ఒత్తున్నవి అంతర్వేది, ధవళేశ్వరం, ద్రాక్షారామం. బస్టాండులో పది నిమిషాలు నిలబడాల్సి వస్తే ఇదే పని. బస్సు కదిలేలోగా చదవాలని పిల్లే పందెం వేస్తుంది.

రోజువారీ చదివించడానికి మీ లేసు పని అడ్డం కాదు, నిజానికి అనుకూలం. చేతులు అల్లుతుంటాయి, చెవి ఖాళీగా ఉంటుంది. యాభై మాటల పేరా ఒకటి తీసుకోండి. మొదటిరోజు ముందు మీరు చదవండి, పాప వేలు పెట్టుకుని అనుసరించాలి. తర్వాత ఇద్దరూ కలిసి, ఆపైన తనొక్కతే. రెండోరోజు కలిసి ఒకసారి, తనొక్కతే రెండుసార్లు. మూడోరోజు తనొక్కతే. అదే పేరా మూడు రోజులా అనిపిస్తుంది. కొత్త పేరా రోజూ మారిస్తే రోజూ తడబాటే మిగులుతుంది, మూడో రోజు సాఫీగా సాగినప్పుడు గానీ ‘నాకు చదవడం వచ్చు’ అన్న ధీమా రాదు. ఆగినచోట మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టి, అప్పటికీ రాకపోతే మాట చెప్పేసి ముందుకి పంపండి. ఆ మాటని పేరా అయ్యాక అట్టముక్క మీదకి ఎక్కించండి. యాభై మాటల్లో ఐదింటికి మించి ఆగుతోందంటే పేరా బరువైంది, తేలికది పెట్టండి. పుస్తకాలు కొనే పని లేకుండా స్టోరీవీవర్ సైట్లో బొమ్మలతో తెలుగు కథలు స్థాయిలవారీగా ఉచితంగా దొరుకుతాయి. ఫోన్లో చూపించడం కంటే రెండు కథలు జిరాక్సు తీయిస్తే మేలు. ఫోన్లో వేలు జారితే కథ పోయి వీడియో వస్తుంది.

దెబ్బల సంగతి. దెబ్బ పడుతుందని తెలిసిన పిల్ల అక్షరం వంక చూడదు, కొట్టబోయే మనిషి మొహం వంక చూస్తుంది. మాటలో మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేసి, గట్టిగా అనేసి, మొహంలో ఏం మారిందో చూసుకుంటుంది. ఈ ఊహించే అలవాటు పడితే వదిలించడానికి ఒత్తులు నేర్పినదానికి రెట్టింపు కాలం పడుతుంది. అత్తగారికి ఎదురు చెప్పడం కంటే ఆవిడకో పని అప్పజెప్పండి. నాలుగో తరగతిలో భిన్నాలుంటాయి: సగం, పావు, ముప్పావు. ఇంట్లో గిద్ద, సోల, తవ్వ ఇంకా ఉంటే తీయమనండి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ. బియ్యం కొలిపిస్తూ, గిద్ద అంటే సోలలో ఎంత, మూడు గిద్దలు పోస్తే సోలకి ఎంత తక్కువ అని మామ్మే అడగాలి. పుస్తకంలో గుండ్రటి బొమ్మని నాలుగు ముక్కలు చేసి రంగు వేయించే పాఠమే ఇది. చేత్తో కొలిచిన పిల్లకి పావు అంటే ఏమిటో మళ్లీ చెప్పనక్కర్లేదు.

ఇక తీసివేత. 52 లోంచి 27 తీసేయమంటే పాప జవాబు 35 వస్తోందేమో చూడండి. వస్తోందంటే, ఒకట్ల స్థానంలో రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తోంది. ‘పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలి’ అని ఒకటో తరగతిలో చెప్పిన మాటని నమ్ముకుంది, పాపం. ఇలాంటి తప్పుకి ఇంకో పాతిక లెక్కలు ఇస్తే పాతిక సార్లు అదే తప్పు గట్టిపడుతుంది.

పది రూపాయల నోట్లు ఐదు, రూపాయి బిళ్లలు రెండు పాప చేతికివ్వండి. పక్కన చిల్లర డబ్బా పెట్టుకోండి. నాకు ఇరవై ఏడు రూపాయలు ఇవ్వమని అడగండి. రెండు నోట్లు తేలిగ్గా ఇస్తుంది, ఏడు బిళ్లలు దగ్గర ఆగుతుంది. ఆగనివ్వండి. నోటు మార్చుకోవచ్చని తనకే తోచాలి, ఒక నిమిషం పట్టినా పర్లేదు. నోటు డబ్బాలో వేసి పది బిళ్లలు తీసుకుంటే ఇప్పుడు చేతిలో నోట్లు ఎన్ని, బిళ్లలు ఎన్ని? తిరిగి మొదటి నుంచి: నాలుగు నోట్లు, పన్నెండు బిళ్లలు. ఏడు ఇస్తే ఐదు, రెండు నోట్లు ఇస్తే రెండు. ఇరవై ఐదు. ఇప్పుడు కాగితం మీద, 5 కొట్టేసి 4, పక్కన 2 కొట్టేసి 12. చేత్తో చేసిన పనే అంకెల్లో రాస్తున్నామని అప్పుడు అర్థమవుతుంది. ‘అప్పు తెచ్చుకోవడం’ అన్న మాట ఇంట్లో మానేయండి. అప్పు అంటే మళ్లీ తీర్చాలి కదా, ఎప్పుడు తీర్చాం అని తెలివైన పిల్లలకే సందేహం వస్తుంది. ‘నోటు మార్చాం’ అంటే చాలు.

మూడు రోజులు డబ్బులతో, మూడు రోజులు కాగితం మీద నోట్లు బిళ్లలు బొమ్మలు గీసి, ఆ తర్వాతే ఉత్త అంకెలు. రోజుకి నాలుగు లెక్కలు మించొద్దు. ఇది కుదిరాక మధ్యలో సున్నా ఉన్నవి. 403 లోంచి 158 తీయాలంటే పదుల నోట్లే లేవు. వందనోటు మారిస్తే పది పదులు వస్తాయి, అందులో ఒక పది మారిస్తే పది బిళ్లలు. చేతిలో మూడు వందలు, తొమ్మిది పదులు, పదమూడు బిళ్లలు. జవాబు 245. ఇక్కడ 355 వచ్చిందంటే పాత తప్పు మళ్లీ తొంగిచూసినట్టే, ఒకరోజు డబ్బుల దగ్గరికి వెనక్కి వెళ్లండి. ప్రతి లెక్కకీ జవాబునీ తీసేసినదాన్నీ కూడి చూసుకోవడం పాప పని: 245, 158 కలిపితే 403 రావాలి. దిద్దడం మీ నెత్తిన ఉండకూడదు.

ఎక్కాలు గడగడా చెప్పడం పాట లాంటిది, మధ్యలోంచి అందుకోలేరు. పదహారో ఎక్కం ఇప్పుడు అనవసరం. పదో ఎక్కం దాకా చూస్తే, 7×8, 8×7 ఒకటేనని తెలిస్తే నేర్చుకోవలసినవి 55. వాటిలో ఒకటి, రెండు, ఐదు, పది ఎక్కాలవి ఎలాగూ వచ్చు. అవి తీసేస్తే మిగిలేది 21. తొమ్మిదో ఎక్కాన్ని పదో ఎక్కంలోంచి పట్టుకోవచ్చు: పది ఏడులు డెబ్బై, అందులోంచి ఒక ఏడు తీస్తే అరవై మూడు. ఇక మిగిలినవి పదిహేను. 3×3, 3×4, 3×6, 3×7, 3×8, 4×4, 4×6, 4×7, 4×8, 6×6, 6×7, 6×8, 7×7, 7×8, 8×8. ఈ పదిహేనూ శుభలేఖ అట్టల మీదకి ఎక్కించండి, ముందు ప్రశ్న, వెనక జవాబు. మూడు రబ్బరు బ్యాండ్ల కట్టలు కట్టండి: రోజూ అడిగేవి, రెండు రోజులకోసారి అడిగేవి, ఆదివారం అడిగేవి. మూడు లెక్కపెట్టేలోగా చెబితే అట్ట తర్వాతి కట్టలోకి వెళుతుంది. తడబడితే ఎక్కడున్నా మొదటి కట్టకే వస్తుంది. రోజుకి మూడు కొత్తవి మించకుండా ఐదు నిమిషాలు. నాలుగు వారాల్లో ఎక్కువ భాగం ఆదివారం కట్టలో చేరతాయి.

నాన్నని ఊరికే వదలకండి. రొయ్యల కౌంటు చెప్పడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. కిలోకి వంద తూగితే వంద కౌంటు, అంటే ఒక్కో రొయ్య పది గ్రాములు. యాభై కౌంటంటే ఇరవై గ్రాములు. నలభై కౌంటంటే ఎంత? వెయ్యిని భాగించడం ఇదే. కౌంటు అంకె తగ్గుతుంటే రొయ్య ఎందుకు పెద్దదవుతోంది, రేటు ఎందుకు పెరుగుతోంది అని అన్నం తినేటప్పుడు అడగమనండి. భాజకం పెరిగితే భాగఫలం తగ్గుతుందని స్కూల్లో చెప్పేది ఇదే సంగతి.

ఇంగ్లీషు మీడియం అన్న భయం గురించి ఒక్క మాట. సైన్సు పాఠం ఇంగ్లీషులో కంఠతా పట్టించే ముందు, ఆ పాఠంలో ఏముందో పాపని తెలుగులో చెప్పమనండి. చెప్పలేకపోతే ఆ ఇంగ్లీషు వాక్యాలు ఉత్త శబ్దాలే. తెలుగులో మీరు వివరించిన మొక్కల వేళ్ల సంగతి ఇంగ్లీషు చదవడానికి పనికిరాకుండా పోదు. ఇంగ్లీషు చదవడానికి రోజూ పది నిమిషాలు వేరే తీయండి, అదీ రెండు తరగతులు కింది పుస్తకంతో.

వేళ సంగతికొస్తే, బడినుంచి రాగానే కాదు. తిని, ఆడుకుని, ఆరుంబావుకి కూర్చుంటే ఆరు యాభై ఐదుకి లేవాలి. పదిహేను నిమిషాలు చదవడం, ఐదు నిమిషాలు ఎక్కాల అట్టలు, పది నిమిషాలు లెక్కలు, పది నిమిషాలు ఇంగ్లీషు. టీవీ ఆపాలి, అందరికీ. వారానికి ఐదు రోజులు చాలు. సంక్రాంతికీ, వరదకి బడి మూతపడ్డప్పుడూ పదిరోజులు తప్పితే, తిరిగి మొదలెట్టేటప్పుడు వారం వెనక్కి వెళ్లి మొదలెట్టండి. మర్చిపోయిందని విసుక్కుంటే అట్టల కట్ట మంచం కిందకి పోతుంది.

ఇది జరగాలంటే రోజూ రెండు గంటల ట్యూషన్ కుదరదు. ఒకేసారి మాన్పించక్కర్లేదు, వారానికి రెండు రోజులకి తగ్గించి, టీచరమ్మతో స్పష్టంగా చెప్పండి: నోటుబుక్కు నిండకపోయినా మాట రాదు, తనంతట తను చేసినంత వరకే చేయించండి, మిగతాది ఖాళీగా వదిలేయండి. స్కూల్లో అడిగితే ‘అరగంట చేసింది, ఇంతే వచ్చింది’ అని డైరీలో మీరే రాసి సంతకం పెట్టండి. ఒప్పుకోకపోతే, ఊళ్లో డిగ్రీ చదువుతున్న అమ్మాయి ఎవరైనా ఉంటే ముగ్గురు పిల్లలకి కలిపి మాట్లాడుకోవచ్చు. ముగ్గురికి మించనివ్వకండి, పైన చెప్పిన పద్ధతి ఆ అమ్మాయికీ చూపించండి.

క్లాసు టీచరు దగ్గర ట్యూషన్ వద్దు. 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షను ఏ ఉపాధ్యాయుడూ ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదంటుంది. మొహమాటం ఉంటే చట్టం ఎత్తకండి, ‘సాయంత్రం నేనే కూర్చోపెట్టుకుంటున్నానండీ’ అంటే సరిపోతుంది.

నవోదయ గురించి మీ మరిది తొందర అర్థమైందే, నవోదయ బడులున్న పెద్దాపురం, పెదవేగి పేర్లు మన వైపు ఇంటింటా తెలుసు. ఆరో తరగతిలో చేరడానికి పెట్టే ఆ పరీక్ష ఐదో తరగతిలో ఉండగా ఒక్కసారే రాస్తారు. రెండు గంటలు, 80 ప్రశ్నలు: మానసిక సామర్థ్యం 40, అంకగణితం 20, భాష 20. తెలుగులో రాయొచ్చు. కనీసం 75 శాతం సీట్లు పల్లెటూరి పిల్లలకే. భాషలో పేరాలు చదివి జవాబులు గుర్తించాలి. ఒత్తుల దగ్గర ఆగే పిల్ల ఆ 20 ప్రశ్నలూ పోగొట్టుకోవడమే కాదు, లెక్కల ప్రశ్నలు చదవడానికే సగం టైము అయిపోతుంది. ఈ ఏడాది చదవడం, తీసివేత, ఎక్కాలు కుదరనివ్వండి. ఐదో తరగతి మొదలయ్యాక పాత ప్రశ్నపత్రాలు తెచ్చి చూసుకోవచ్చు.

ఈ నెలలోనే ఒకసారి కంటి డాక్టరుకి చూపించండి. బోర్డు మీది అంకెలు తప్పుగా ఎక్కించుకోవడం, పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకోవడం, చదివే వరస తప్పి కింది లైనులోకి జారడం ఉంటే మరీ ఆలస్యం చేయొద్దు. కళ్లు బాగుండి, మూడు నెలలు వారానికి ఐదు రోజులు ఇలా కూర్చున్నా, మొదటి ఆదివారం కాగితం మళ్లీ చదివిస్తే అవే మాటల దగ్గర అలాగే ఆగుతోందంటే, పిల్లల డాక్టరుకి ఆ రెండు కాగితాలూ చూపించి అభ్యసన వైకల్యం (తెలివి ఉన్నా చదవడం, రాయడం, లెక్కలు పట్టుబడకపోవడం) పరీక్ష గురించి అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో దాన్నీ చేర్చారు, నిర్ధారణ అయితే పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు అడగొచ్చు. కానీ అట్ట మీద ఆరు ఒత్తులూ మొదటి పది రోజుల్లో వచ్చేస్తే, అంతదూరం వెళ్లే పనే పడకపోవచ్చు.